ఆట నియమాలు, క్లబ్బు తలుపులు: గోల్ఫ్‌లో జాతి వివక్ష, సమానత్వం కోసం పోరాటం



గోల్ఫ్ ఆటను మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. కనుచూపు మేర పచ్చిక, తెల్లని చిన్న బంతి, నిశ్శబ్దంగా నిలబడ్డ ప్రేక్షకులు. మైదానంలోకి వెళ్ళి ఆడినవారు మాత్రం మీలో ఎంతమంది ఉంటారు? బహుశా చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్ వీధి చివరి ఖాళీ జాగాలో పుట్టి పెరుగుతుంటే గోల్ఫ్ మాత్రం ప్రహరీ గోడ లోపలే ఎందుకు ఉండిపోయింది? ఆ గోడ లోపలికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని ఆపారు? ఆపినవారిని ఏ కారణంతో ఆపారు? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. ఏ ఆటకైనా రెండు రకాల నియమాలుంటాయి. మొదటివి ఆట పుస్తకంలోని నియమాలు, రెండోవి ఆడే చోటును అదుపులో పెట్టుకున్నవారి నియమాలు. గోల్ఫ్ చరిత్రలో ఈ రెండింటికీ ఎప్పుడూ పొత్తు కుదరలేదు.

ఆట పుస్తకం ఏం చెబుతుంది?

గోల్ఫ్ నేటి రూపం స్కాట్లాండ్‌లో తీరింది. సాధారణంగా ఒక మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ప్రతి గుంటకూ ఒక ఆరంభ స్థానం ఉంటుంది. అక్కడి నుంచి బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంటలో పడేయాలి. మొత్తం 18 గుంటలకూ ఎవరు తక్కువ దెబ్బలు తీసుకుంటే వారే విజేత. కొట్టే కర్రను 'క్లబ్' అంటారు. ఆటగాడు 14 కర్రల దాకా వెంట తీసుకువెళ్ళవచ్చు. ఆ కర్రల సంచీని మోస్తూ, బంతి ఎంత దూరంలో ఉందో, గాలి ఎటు వీస్తోందో చెబుతూ ఆటగాడి వెంట నడిచే సహాయకుణ్ణి 'క్యాడీ' అంటారు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. మన పాఠంలో ఇది చాలాసార్లు వస్తుంది.

గోల్ఫ్‌లో రెండు గొప్ప లక్షణాలు ఉన్నాయి. మొదటిది, సాధారణ ఆటల్లో ప్రతి దెబ్బనూ చూస్తూ పక్కన అంపైర్ ఉండడు. ఆటగాడే తన లెక్క తాను చెప్పాలి, తన తప్పు తానే ఒప్పుకోవాలి. రెండోది 'హ్యాండికాప్' పద్ధతి. అంటే బలహీనుడికి, బలవంతుడికి మధ్య తేడాను అంకెల్లో సరిచేసే ఏర్పాటు. ఉదాహరణకు మీ హ్యాండికాప్ 18, మీ స్నేహితుడి హ్యాండికాప్ 4 అనుకోండి. మీ ఇద్దరి మధ్య పోటీలో మీకు 14 దెబ్బల మినహాయింపు లభిస్తుంది. కొత్తగా నేర్చినవాడు కూడా ఆరితేరినవాడితో సమానంగా పోటీ పడవచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. బలహీనుడికి న్యాయం చేయడానికి లెక్కలు కట్టి మరీ నియమం రాసుకున్న ఆట ఇది. ఆటగాడి మాటను నమ్మే ఆట ఇది. అటువంటి ఆటే ఒంటిరంగు చూసి మనుషులను గేటు దగ్గర ఆపేసింది. ఇది ఎలా జరిగింది?

మైదానం ఎవరిది?

దీనికి మొదటి జవాబు భూమిలో ఉంది. 18 గుంటల మైదానానికి సుమారు వంద ఎకరాలకు మించి భూమి కావాలి. పచ్చిక ఎండిపోకుండా నీరు కావాలి, దాన్ని కత్తిరించే మనుషులు కావాలి. ఈ ఖర్చును ఒక్కరు భరించలేరు కనుక కొందరు కలిసి ఒక సంఘంగా ఏర్పడతారు. దానినీ క్లబ్ అనే అంటారు. ఎవరిని సభ్యులుగా చేర్చుకోవాలన్నది ఆ కొందరే నిర్ణయిస్తారు. ఆట పుస్తకంలో లేని అధికారం ఇలా క్లబ్బు చేతికి వచ్చింది.

మన దేశానికి గోల్ఫ్ బ్రిటిష్ వారితో వచ్చింది. 1829లో కలకత్తాలో స్థాపించిన గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాతది. 1876లో బెంగుళూరులో మరో క్లబ్బు వెలిసింది. వలస పాలకులకు క్లబ్బు కేవలం ఆటస్థలం కాదు. తాము పాలించే ప్రజల నుంచి విడిగా, తమవారి మధ్య గడిపే చోటు. భారతీయులు అక్కడ వంటవారుగా, తోటమాలులుగా, క్యాడీలుగా లోపలికి వెళ్ళేవారు. సభ్యులుగా మాత్రం కాదు.

ఊరినే రెండుగా చీల్చడం ఆనాటి పాలకుల అలవాటు. పుదుచ్చేరిలోని కోసపాళయంలో నివసించే విద్యార్థులకు ఇది కళ్ళెదుటి పాఠం. అక్కడి నుంచి తూర్పున సముద్రం వైపు నడిస్తే ఒక పెద్ద కాలువ అడ్డం వస్తుంది. ఫ్రెంచివారి కాలంలో కాలువకు అవతల, సముద్రం పక్కన ఉన్నది తెల్లవారి ఊరు. ఇవతల ఉన్నది నల్లవారి ఊరు. కాగితాల మీద వాటి పేర్లు కూడా అవే. ఈనాడు ఆ కాలువను ఎవరైనా దాటవచ్చు. కానీ 'వైట్ టౌన్' అన్న పేరు మాత్రం ఇప్పటికీ జనం నోట నిలిచి ఉంది. గోల్ఫ్ మైదానం ప్రహరీ కూడా అటువంటి కాలువే.

డర్బన్ వానలో ఒక విజేత

ఈ కాలువను ఈదిన ఒక భారతీయ సంతతి ఆటగాడి కథ చూద్దాం.

1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మొదటి భారతీయులు అందులో ఉన్నారు. ఆ తర్వాతి అర్ధ శతాబ్దంలో వెళ్ళిన వేలాదిమందిలో తెలుగువారు కూడా చాలామంది. వారి సంతతివారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మద్రాసు నుంచే కాక కలకత్తా నుంచి కూడా కూలీల ఓడలు వెళ్ళాయి.

ఈ భారతీయ సమాజంలోనే సెవ్‌సంకర్ సెవ్‌గోలమ్ పుట్టాడు. అందరూ అతణ్ణి 'పప్వా' అని పిలిచేవారు. మన 'శివశంకర్' అన్న పేరే అక్కడ 'సెవ్‌సంకర్' అయింది. అతను తెలుగువాడు కాదు. కానీ డర్బన్‌లోని తెలుగువారికి, తమిళులకు, హిందీవారికి, గుజరాతీలకు అందరికీ వర్తించిన చట్టమే అతనికీ వర్తించింది. పప్వా బడి చదువుకు నోచుకోలేదు. బీచ్‌వుడ్ అనే క్లబ్బులో క్యాడీగా పనిచేస్తూ, చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. నేర్పేవారెవరూ లేకపోవడంతో కర్రను లోకమంతా పట్టుకునే తీరుకు తలకిందులుగా పట్టుకున్నాడు. కుడిచేతివాటం ఆటగాళ్ళు ఎడమ చేతిని పైన, కుడి చేతిని కింద ఉంచుతారు. పప్వా కుడి చేతిని పైన, ఎడమ చేతిని కింద ఉంచేవాడు. చివరివరకూ అలాగే ఆడాడు.

స్వదేశంలో పెద్ద పోటీల్లో ఆడనివ్వలేదు. గ్రాహం వుల్ఫ్ అనే వ్యాపారవేత్త పప్వా ప్రతిభను గుర్తించి ఐరోపాకు తీసుకువెళ్ళాడు. పప్వా 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్ళీ గెలిచాడు. 1964లో మూడోసారి కూడా గెలిచాడు.

ఇక 1963కి వద్దాం. ఆ ఏడాది డర్బన్ కంట్రీ క్లబ్బులో జరిగిన నటాల్ ఓపెన్‌లో పప్వాకు ఆడే అనుమతి దొరికింది. అతను గెలిచాడు. కానీ ఆనాటి చట్టాల ప్రకారం తెల్లవారి క్లబ్బు భవనంలోకి తెల్లవారు కానివారు అతిథులుగా అడుగుపెట్టరాదు. వాన పడుతోంది. తెల్ల ఆటగాళ్ళు, అధికారులు లోపల ఉన్నారు. విజేత బయట వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచ పత్రికల్లో వచ్చింది. వర్ణ వివక్ష అంటే ఏమిటో వివరించే వ్యాసాలు చేయలేని పని ఆ ఒక్క ఫొటో చేసింది.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. పప్వా ఓడిపోయి ఉంటే ఆ ఫొటో వచ్చేది కాదు. ఆట పుస్తకం అతణ్ణి విజేత అన్నది. క్లబ్బు తలుపు లోపలికి రావద్దన్నది. రెండు నియమాలూ ఒకే నిమిషంలో, ఒకే మనిషి మీద అమలయ్యాయి.

1965లో పప్వా మళ్ళీ నటాల్ ఓపెన్ గెలిచాడు. ఈసారి ఓడిపోయినవారిలో ప్రపంచ ప్రసిద్ధుడైన గారీ ప్లేయర్ కూడా ఉన్నాడు. దాని తర్వాత ప్రభుత్వం పప్వాను ఇటువంటి పోటీల్లో ఆడకుండా నిషేధించింది. అంటే గెలుపే అతనికి శిక్ష తెచ్చింది. 1978లో అతను పేదరికంలోనే కన్నుమూశాడు. ఈనాడు డర్బన్‌లో ఒక ప్రజా గోల్ఫ్ మైదానానికి అతని పేరు ఉంది.

దక్షిణాఫ్రికా మీద క్రీడారంగంలో వెలి క్రమంగా బిగిసింది. 1970లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ దేశాన్ని బహిష్కరించింది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్ చేరిన భారత్, దక్షిణాఫ్రికాతో ఆడడానికి నిరాకరించి కప్పునే వదులుకుంది. మద్రాసుకు చెందిన అమృతరాజ్ సోదరులు ఆనాటి మన జట్టులో ఉన్నారు.

అమెరికాలో ఒక వాక్యం

దక్షిణాఫ్రికాలో చట్టం చేసిన పనిని అమెరికాలో ఒక సంఘం నిబంధన చేసింది. కానీ మొదట్లో పరిస్థితి అలా లేదు. 1896లో రెండో యు.ఎస్. ఓపెన్ పోటీలో జాన్ షిప్పెన్ అనే నల్లజాతి యువకుడు పాల్గొన్నాడు. అతనితో పాటు స్థానిక ఆదివాసి తెగకు చెందిన ఆస్కార్ బన్ కూడా ఉన్నాడు. వీరిద్దరూ ఆడితే మేము ఆడమని తక్కిన ఆటగాళ్ళు బెదిరించారు. మీరు వెళ్ళిపోతే వీరిద్దరితోనే పోటీ జరుపుతామని సంఘ అధ్యక్షుడు హేవ్‌మేయర్ తేల్చి చెప్పాడు. అందరూ ఆడారు. గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న చెక్క పుల్లకు 1899లో అమెరికాలో పేటెంట్ పొందిన జార్జ్ గ్రాంట్ కూడా నల్లజాతి దంతవైద్యుడే.

కాబట్టి వివక్ష ఆటతో పాటు పుట్టలేదు. తర్వాత మనుషులు కూర్చుని రాసుకున్నారు. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం 1934లో సభ్యత్వం తెల్లజాతివారికే అని నిబంధన పెట్టుకుంది. ఈ ఒక్క వాక్యం 1961 దాకా అమల్లో ఉంది. అది ఎలా పోయిందో చూడండి. కాలిఫోర్నియా రాష్ట్ర అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్ ఈ నిబంధన ఉన్నంతకాలం మా రాష్ట్రంలోని ప్రజా మైదానాల్లో పోటీలు జరపనివ్వమన్నాడు. 1961 నవంబరులో సంఘం ఆ వాక్యాన్ని కొట్టేసింది. అంతకుముందు 1955లో అట్లాంటా నగరానికి చెందిన హోమ్స్ కుటుంబం వేసిన దావాలో, ప్రజల సొమ్ముతో నడిచే మైదానాల్లో జాతి భేదం చూపరాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రెండు సందర్భాల్లోనూ తాళంచెవి ఒక్కటే. మైదానం ప్రజలదైతే నియమం కూడా అందరికీ ఒకటే కావాలి.

చార్లీ సిఫర్డ్ 1961లో ఆ తలుపు దాటాడు. దక్షిణ రాష్ట్రాల్లో ఆడినప్పుడు అతణ్ణి బెదిరిస్తూ ఫోన్లు వచ్చాయి. 1967లో, 1969లో పెద్ద పోటీలు గెలిచినా అగస్టాలో జరిగే మాస్టర్స్ పోటీకి అతనికి ఎన్నడూ ఆహ్వానం రాలేదు. లీ ఎల్డర్ అనుభవం ఇంకా విచిత్రం. 1968లో ఫ్లోరిడాలోని పెన్సకోలా క్లబ్బులో జరిగిన పోటీలో నల్లజాతి ఆటగాళ్ళను దుస్తులు మార్చుకునే గదిలోకి రానివ్వలేదు. వాహనాలు నిలిపే చోట బట్టలు మార్చుకున్నారు. 1974లో ఎల్డర్ అదే క్లబ్బులో అదే పోటీ గెలిచాడు. ఆ గెలుపుతో 1975లో మాస్టర్స్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1971లో అతను దక్షిణాఫ్రికాలో ఆడినప్పుడు, ప్రేక్షకులను రంగు ప్రకారం విడదీయరాదని షరతు పెట్టి మరీ ఆడాడు.

అగస్టా క్లబ్బు మొదటి నల్లజాతి సభ్యుణ్ణి 1990లో చేర్చుకుంది. ఏడేళ్ళ తర్వాత 1997లో, 21 ఏళ్ళ టైగర్ వుడ్స్ అదే మైదానంలో 12 దెబ్బల తేడాతో మాస్టర్స్ గెలిచాడు. సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. నిజంగా తీరిందా? 1970లతో పోలిస్తే 1990లలో పెద్ద పోటీల్లో ఆడే నల్లజాతివారి సంఖ్య పెరగకపోగా తగ్గింది. దీనికి ఒక ముఖ్య కారణం గోల్ఫ్ బండి. సంచీలు మోయడానికి చిన్న బండ్లు రావడంతో క్యాడీ పని తగ్గింది. పేద పిల్లలు మైదానంలో అడుగుపెట్టి ఆట నేర్చుకునే దారి మూసుకుపోయింది. తలుపు తెరిచారు, కానీ అంతలో నిచ్చెన తీసేశారు.

చెపాక్ మైదానంలో మనవారు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గోల్ఫ్ కాకపోయినా ఇదే సమస్యను ఒక తెలుగువాడు ఎలా ఎదుర్కొన్నాడో తెలుసుకోవాలి. 19వ శతాబ్దపు మద్రాసులో చెపాక్ మైదానం తెల్లవారి క్రికెట్ క్లబ్బుది. అక్కడ ఆడడానికి వచ్చిన భారతీయులకు పెవిలియన్‌లో చోటు లేదు. చెట్ల నీడే వారి విడిది. ఇది చూసిన మోతవరపు వెంకట మహీపతి నాయుడు, అందరూ బుచ్చిబాబు అని పిలిచే ఆయన, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ స్థాపించాడు. యువకులకు కర్రలు, బంతులు, దుస్తులు సమకూర్చి ఆట నేర్పించాడు. తర్వాత తెల్లవారి జట్టును మైదానంలో ఎదుర్కొనే పోటీకి పూనుకున్నాడు. అది 1908లో కార్యరూపం దాల్చేలోగా ఆయన చనిపోయాడు. కానీ భారతీయులకు, ఐరోపావారికి మధ్య ప్రెసిడెన్సీ పోటీలు చాలాకాలం సాగాయి. ఆయన కుమారుడు కోట రామస్వామి టెన్నిస్‌లో డేవిస్ కప్‌లోనూ, క్రికెట్‌లో టెస్టుల్లోనూ భారత్ తరఫున ఆడాడు.

బుచ్చిబాబు తలుపు తట్టుతూ కూర్చోలేదు. తనవాళ్ళకు నిచ్చెన కట్టాడు. ఈ తేడా గ్రహించండి.

తలుపుల కథ మాత్రం ముగియలేదు. 2014 జూలైలో అదే చెపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక సభకు పంచె కట్టుకుని వెళ్ళిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి అనుమతించలేదు. తెల్లవారు వెళ్ళిపోయి 67 ఏళ్ళయినా వారి దుస్తుల నియమం మిగిలిపోయింది. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టినందుకు ఎవరినీ క్లబ్బులు, సభాస్థలాల్లో అడ్డుకోరాదన్నది దాని సారాంశం. 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు భోజనశాలలో అతిథిగా కూర్చున్న మేఘాలయ మహిళను, ఆమె ధరించిన ఖాసీ సంప్రదాయ దుస్తులు చూసి లేచి వెళ్ళమన్నారని వార్త వచ్చింది. దేశమంతటా నిరసన వ్యక్తమైంది. జాతి పేరు ఎత్తకుండానే జాతి భేదం చూపవచ్చని ఈ ఘటన తెలుపుతుంది.

మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాల్లో, హోటళ్ళలో, ప్రజా వినోద స్థలాల్లో ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. 19వ అధికరణం సంఘాలుగా ఏర్పడే స్వేచ్ఛ ఇస్తుంది. క్లబ్బు అనేది ఈ రెండింటి మధ్య నిలబడింది. సొంత ఇంటి వంటిదని క్లబ్బులు అంటాయి. ప్రభుత్వ భూమి తక్కువ అద్దెకు తీసుకున్నది సొంత ఇల్లెలా అవుతుందని విమర్శకులు అడుగుతారు.

క్యాడీ నుంచి విజేత దాకా

మన గోల్ఫ్‌లో ఆశ కలిగించే విషయం క్యాడీల విజయం. చాలా క్లబ్బుల్లో సభ్యులకు సెలవైన సోమవారాల్లో క్యాడీలు ఆడుకోవడం పరిపాటి. ఢిల్లీలో క్యాడీగా ఉన్న అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడయ్యాడు. కలకత్తా క్లబ్బులో పచ్చిక చూసుకునే కార్మికుడి కొడుకు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మునియప్ప బెంగుళూరులో క్యాడీగా ఆట నేర్చినవాడే. కర్రలు మోసిన చేతులే కప్పులు అందుకున్నాయి.

మరోవైపు ప్రవాస తెలుగువారి దారి ఉంది. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల, 2023 సెప్టెంబరులో తన మొదటి పీజీఏ టూర్ పోటీ గెలిచాడు. 1961 దాకా ఆ పోటీల నిర్వహణ ఏ సంఘం చేతిలో ఉందో, అందులో సాహిత్ వంటివారికి సభ్యత్వం ఉండేది కాదని మీకు ఇప్పుడు తెలుసు. అతని గెలుపు వెనుక అతని కష్టంతో పాటు సిఫర్డ్, ఎల్డర్ వంటివారు పడిన అవమానాలు కూడా ఉన్నాయి.

స్త్రీల విషయంలో తలుపులు ఇంకా ఆలస్యంగా తెరుచుకున్నాయి. అగస్టా 2012లో, స్కాట్లాండ్‌లోని ప్రఖ్యాత సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 2014లో స్త్రీలకు సభ్యత్వం ఇచ్చాయి. ఇంతలో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది.

సారాంశం

ఈ పాఠంలో మనం తెలుసుకున్న విషయాలు ఇవి. ఆట నియమం మనిషి రంగు అడగదు. మైదానం అదుపులో ఉన్నవారి నియమమే అడుగుతుంది. ఆ నియమం మనుషులు రాసినదే కనుక మనుషులే చెరపగలరు. దావాలు, చట్టాలు, బహిష్కరణలు తలుపు తెరుస్తాయి. కానీ పేద పిల్లవాడికి మైదానం, కర్ర, నేర్పే గురువు దొరికితేనే ఆ తలుపు గుండా ఎవరైనా లోపలికి వస్తారు. ఒక్క విజేతను చూసి అందరికీ దారి దొరికిందని అనుకోకూడదు.

ఆలోచించండి

1. మీ ఊళ్ళో ఆటస్థలాలు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఎవరైనా వెళ్ళి ఆడగలిగినవి ఎన్ని? రాతలో లేని నియమాలు అక్కడ ఏమైనా అమలవుతున్నాయా?

2. గోల్ఫ్ బండి రావడంతో నల్లజాతి ఆటగాళ్ళ సంఖ్య ఎందుకు తగ్గింది? ఒక యంత్రం అవకాశాలను ఇలా తగ్గించిన మరో ఉదాహరణ చెప్పండి.

3. ప్రభుత్వ భూమిలో నడిచే క్లబ్బు సభ్యులను తన ఇష్టప్రకారం ఎంచుకోవచ్చా? రెండు వైపుల వాదనలూ రాసి తరగతిలో చర్చించండి.